84 పద్మిని, కింద అంతా తుప్పు, చేతిలో 35 వేలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుగాలి_వైజాగ్:

బండి 1984 ప్రీమియర్ పద్మిని, పెట్రోల్, కాలమ్ గేరు. మా పెదనాన్న కొన్నది, ఆయన తర్వాత అన్నయ్య కొన్నాళ్లు తిప్పి ఉద్యోగం వచ్చాక బెంగళూరు వెళ్లిపోయాడు, అప్పట్నుంచి పెదవాల్తేరులో ఇంటి పక్క సందులో టార్పాలిన్ కప్పుకుని పడుంది. ఇంజన్‌కి పెద్ద ఇబ్బంది లేదు, కార్బురేటర్ కడిగించి బ్యాటరీ మారిస్తే స్టార్ట్ అయిపోయింది, ఇంట్లో అందరూ ఒకటే సంబరం. సమస్యల్లా బాడీ.

రబ్బర్ మ్యాట్లు ఎత్తి చూస్తే కింద గోనె లాంటి ప్యాడింగ్ ఇంకా తడిగానే ఉంది, అది లాగితే దానితో పాటే రేకు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. డ్రైవర్ కాళ్ల దగ్గర అరచేయంత చిల్లు, నేల కనిపిస్తోంది. ఎడమ వైపు డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్ బాక్స్‌లో స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. డోర్ల అడుగు అంచులు ఉబ్బాయి. డిక్కీ ఫ్లోర్ ఒక మూల చిల్లు, ఎడమ హెడ్‌లైట్ వెనక మడ్‌గార్డ్‌లో ఇంకోటి. ముందు అద్దం కింద మూలల్లో పెయింట్ బుడగలు. టాప్, బానెట్ మాత్రం బాగున్నాయి.

ఇద్దర్ని అడిగాను. ఒకాయన మొత్తం విప్పి చేసి పెయింట్‌తో సహా 1,40,000 అన్నాడు. రెండో ఆయన అరగంట కూడా చూడలేదు, "28 వేలివ్వండి సార్, కొత్త పెళ్లికూతుర్లా తయారుచేసిస్తా" అన్నాడు. నా దగ్గరున్నది 35, సంక్రాంతి తర్వాత ఇంకో ఐదు కలపగలనేమో. నాకు నాలుగంగుళాల గ్రైండరు, డ్రిల్లు ఉన్నాయి, ఆదివారాలు ఖాళీ, వెల్డింగ్ రాదు.

28 వేల ఆయనకి ఇచ్చేయొచ్చా? నేను సొంతంగా ఏం చేసుకోగలను? చిల్లుల మీద ఫైబర్‌గ్లాస్ (రెజిన్ పూసి అంటించే గాజు నార) వేస్తే నిలుస్తుందా? ఇంకోటి, వచ్చే ఏడు ఆర్‌సీ రెన్యువల్ ఉంది, వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే ఈ గొడవ తప్పుతుందని ఎవరో అన్నారు, నిజమేనా?

బెజవాడ_షెడ్డు:

ముందు ఆ 28 వేల ఆయనకి ఓ దండం పెట్టి వచ్చేయండి. ఆయన చెడ్డోడని కాదు, ఆ రేటుకి ఎవరైనా చేసేది అదే. తుప్పు మీద వైర్ బ్రష్ ఓసారి తిప్పి, చిల్లు మీద పల్చటి జీఐ రేకు (జింక్ పూత ఉన్నది) పెట్టి నాలుగు టాకాలేసి (అక్కడక్కడ వెల్డింగ్ చుక్కలు పెట్టి), పైన పుట్టీ దట్టంగా పట్టించి, రెడ్ ఆక్సైడ్, దాని మీద పెయింటు. డెలివరీ రోజు మెరిసిపోతుంది. పుట్టీలో టాల్క్ పొడి ఉంటుంది, అది నీళ్లు పీలుస్తుంది, వెనకున్న తుప్పు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ఓ వర్షాకాలం, మహా అయితే రెండు, మళ్లీ అవే చోట్ల ఉబ్బుతుంది, ఈసారి చిల్లు ఇంకా పెద్దది.

అసలు విషయం ఏంటంటే పద్మినికి విడిగా ఛాసిస్ లేదు. జీపుకి ఉన్నట్టు కింద ఫ్రేము, పైన బాడీ అని రెండు ముక్కలు కాదు, ఫ్లోరూ సిల్లులూ డోర్ల పక్కన నిలువుగా ఉండే పిల్లర్లూ అన్నీ కలిసే బరువు మోస్తాయి. అంబాసిడర్ కూడా అంతే. అప్పట్లో మద్రాసులో చేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌కైతే కింద ఛాసిస్ విడిగా ఉండేది, దాని ఫ్లోర్ పోతే కాళ్లు తడుస్తాయి అంతే. మీ దాంట్లో సిల్ పోతే బండి నడుం పోయినట్టే. కాబట్టి మీ డబ్బు మొత్తం కింద పెట్టండి. పెయింట్ గురించి ఇప్పుడు ఆలోచించకండి, మచ్చల మచ్చల ప్రైమర్‌తో (పెయింట్ కింద వేసే తొలి పూత) ఏడాది తిరిగినా ఏం కాదు.

ఈ ఆదివారం ఇవి చేయండి. ఫ్రిజ్ మీద అంటించే మ్యాగ్నెట్ ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అడుగంతా తిప్పండి, ఎక్కడ పట్టుకోకుండా జారిపోతే అక్కడ పాత పుట్టీ ఉన్నట్టు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి, మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది. చివరిది ముఖ్యం: డోర్లు మూసి, సిల్ కింద జాకీ పాయింట్ దగ్గర జాకీ వేసి మెల్లగా ఎత్తండి. ఎత్తుతుంటే ముందు డోరు వెనక సందు సన్నబడినా, డోరు తెరిస్తే పట్టేసినా, సిల్ బలం పోయిందని అర్థం. జాకీయే రేకులోకి దిగిపోతుంటే ఇంకా చెప్పక్కర్లేదు, దింపేయండి. ఏది చేసినా జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరొద్దు, స్టాండ్లు గానీ మందపాటి చెక్క దిమ్మలు గానీ పెట్టాకే.

రేకు సంగతి. జీఐ వద్దు, వెల్డింగ్‌లో జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం లాగా పట్టుకుంటుంది, అతుకు కూడా శుభ్రంగా రాదు. సీఆర్‌సీ షీట్ (జింక్ పూత లేని కోల్డ్ రోల్డ్ రేకు) తీసుకోండి, ఫ్లోర్‌కి 20 గేజ్, సిల్‌కీ జాకీ పాయింట్‌కీ 18, గేజ్ నంబర్ తగ్గేకొద్దీ రేకు మందం. ఎనిమిది బై నాలుగు 20 గేజ్ షీటు 20 కేజీల పైనే తూగుతుంది, మీకు మొత్తం అవసరం పడదు, ఆటోనగర్‌లో కట్ పీసులు కేజీల లెక్కన ఇస్తారు.

వెల్డింగ్ మాత్రం మిగ్ (సన్న వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషన్) ఉన్నవాడితోనే చేయించండి, 0.8 వైరు. గేట్లు, గ్రిల్లులు చేసే ఆర్క్ వెల్డింగ్ మిషన్‌తో ఈ రేకు మీద పెడితే చిల్లు పూడ్చబోయి పక్కన ఇంకో చిల్లు పడుతుంది. గ్యాస్ వెల్డింగ్‌తో పాత మేస్త్రీలు అద్భుతంగా చేసేవాళ్లు గానీ వేడి ఎక్కువై రేకు వంకర్లు పోతుంది, ఇప్పుడు ఆ చెయ్యి ఉన్నవాళ్లు తక్కువ.

డబ్బు మిగిలేది ఎక్కడంటే మేస్త్రీ రాకముందు పని మీరు చేసిపెట్టుకోవడంలో. సీట్లు, మ్యాట్లు, ప్యాడింగ్ తీసేయండి. తుప్పు గోకండి. చెడిపోయిన రేకు మెరుపు కనిపించేదాకా 1 ఎంఎం కటింగ్ వీల్‌తో కోసేయండి, ఫ్లోర్ వరకే. పాత కార్టన్ అట్టతో చిల్లుకి కొలత కత్తిరించి, చుట్టూ అరంగుళం ఎక్కువ ఉండేలా రేకు మీద గీసి కోసి, వంపు ఉన్నచోట చెక్క మీద పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెట్టండి, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో బిగించి ఉంచండి. మేస్త్రీ వచ్చి టాకాలేయడమే. అంగుళానికో టాకా, ఒకటి ఇక్కడేస్తే తర్వాతిది అవతలి మూల, చల్లారాక మధ్యలో నింపాలి. వరసగా గీసుకుంటూ పోతే ఆపండి.

సిల్ మాత్రం మీరు కోయొద్దు. కోసే ముందు డోరు ఖాళీలో అడ్డంగా ఒక యాంగిల్ పట్టీ పిల్లర్ నుంచి పిల్లర్‌కి టాకా వేసి బిగించాలి, బండి నాలుగు చోట్ల సమానంగా ఆని ఉండాలి. లేకపోతే కోసిన కాసేపటికే బాడీ కుంగి, కొత్త సిల్ వేశాక ఇక డోర్లు జన్మలో సరిగ్గా పడవు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి.

పెట్రోల్ ట్యాంక్ దింపించకుండా డిక్కీ వైపు నిప్పు పెట్టనివ్వొద్దు. ఖాళీ చేశాం కదా అంటారు, ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం. బ్యాటరీ విప్పండి, తడి గోనెసంచి, బకెట్ నీళ్లు పక్కన ఉంచుకోండి, మేస్త్రీ వెళ్లిపోయాక కూడా గంటసేపు అక్కడే ఉండండి. ప్యాడింగ్ ముక్క ఎక్కడో లోపల రాజుకుని తర్వాత పొగొస్తుంది.

ఆర్‌సీ గురించి. వింటేజ్ మీకు పనికిరాదు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, మీ బండికి 2034 దాకా ఆ మాటే లేదు. అప్పుడైనా 20,000 ఫీజు కట్టాలి, పైగా ఆ నంబర్ మీద రోజూ తిప్పకూడదు, ఎగ్జిబిషన్లు, ర్యాలీలు లాంటివాటికే. మీది మామూలుగా ఐదేళ్లకోసారి రెన్యువల్, బండి చూపించాలి, దానికీ కొంత పక్కన పెట్టుకోండి. గ్రైండర్ పట్టుకున్నప్పుడు ఛాసిస్ నంబర్ గుద్దిన చోటు ముందే వెతికి టేప్ అంటించేయండి. ఆ అంకెలు అరిగిపోయాయంటే ఆర్టీవో ఆఫీసులో మీకు చుక్కలే. కలర్ మార్చినా ఆర్‌సీలో ఎక్కించాలి, అందుకని పాత రంగే ఉంచుకోండి.

కారుచవక:

35 వేలు పెట్టి, ఆదివారాలన్నీ పోగొట్టుకుని, చివరికి చేతికొచ్చేది ఏసీ లేని బండి. స్క్రాప్‌కి ఇచ్చేసి సెకండ్ హ్యాండ్ ఆల్టో చూసుకోండి బాసూ.

ఓరుగల్లు_అంబీ:

కారుచవకన్నా, నిన్నెవరడిగిండ్రు ఆల్టో గురించి 😄

వైజాగన్నా, నాది అంబాసిడర్, గదే కథ. బెజవాడన్న చెప్పింది అంతా కరెక్టే గని ప్రతి చిల్లుకి వెల్డింగే అంటే 35 వేలు ఏడ సరిపోతయ్? సిల్లు, ఫ్లోరు వెల్డింగే, అండ్ల రెండో మాట లేదు. హెడ్‌లైట్ ఎనక చిల్లు, డిక్కీ మూలకున్నది, గివి బరువు మోసేటివి కావు. వీటికి ఫైబర్ మస్తు నిలుస్తది, పద్ధతిగ ఏస్తెనే. జనం ఏం జేస్తరంటే తుప్పు మీద్నే రెజిన్ పూసి ఫైబర్ మ్యాట్ అంటిస్తరు, ఆర్నెళ్లకి ఒక్క ముక్కగ ఊడొస్తది, ఫైబర్ బేకార్ అంటరు. తుప్పంత గోకి రేకు మెరవాలె, 80 నంబర్ ఎమెరీతోని గరుకు చెయ్యాలె, థిన్నర్‌తోని తుడవాలె, లోపలి దిక్కుకెళ్లి ఫైబర్ గుడ్డ (నేసిన గ్లాస్ క్లాత్) ఎయ్యాలె, చిల్లు చుట్టూత రెండంగుళాలు మంచి రేకు మీద పడాలె. పాలిస్టర్ రెజిన్ కాదు, ఎపాక్సీ రెజిన్ తీస్కో, కొంచెం పిరమే గని రేకుని గట్టిగ పడ్తది.

హెడ్‌లైట్ ఎనక చిల్లు ఎందుకు పడ్తదో తెల్సా, టైరు కొట్టిన మట్టి ఆడ పోయి కూసుంటది, అది ఎండదు. చెయ్యి పెట్టి చూడు, పిడికెడు మట్టి రాకపోతే అడుగు. వానాకాలంల వారానికొకసారి పైపు పెట్టి కడిగితె సగం పీడ పోతది.

బెజవాడ_షెడ్డు:

ఓరుగల్లు అన్న మాటతో ఒప్పుకుంటాను, ఒక్క షరతు. డిక్కీ చిల్లు ఎక్కడుందో ఫోటో పెట్టాలి. వెనక కమాన్ పట్టీల షాకిల్ (పట్టీ చివరని బాడీకి కలిపే కొండీ) బిగించే చోటుకి దగ్గర్లో ఉంటే ఫైబర్ కుదరదు, 18 గేజ్ వేసి వెల్డింగే. దూరంగా మూలలో ఉంటే ఫైబర్ వేసుకోండి.

ఉప్పుగాలి_వైజాగ్:

అందరికీ థ్యాంక్స్. నిన్న మొత్తం ఇదే పని. మ్యాగ్నెట్ పెడితే కుడి వెనక డోరు అడుగంతా పుట్టీయే, అంటే ఇదివరకే ఎవరో చేశారు, మాకెవరికీ తెలీదు. డిక్కీ చిల్లు షాకిల్‌కి జానెడు దూరంలోనే ఉంది, అది వెల్డింగ్ లిస్టులోకి. జాకీ పరీక్షలో ఎడమ డోరు పట్టేసింది, కుడి వైపు మాత్రం తేడా లేదు, స్క్రూడ్రైవర్ కూడా దిగలేదు. హెడ్‌లైట్ వెనక పిడికెడు కాదు, తట్టెడు మట్టి వచ్చింది.

ఒకటి అర్థం కాలేదు. టార్పాలిన్ కప్పి ఉన్న బండిలో మ్యాట్ల కిందకి నీళ్లెలా వచ్చాయి? ఇంకా, సిల్ లోపల, డోర్ల లోపల చెయ్యి దూరని చోట తుప్పు ఎలా పోతుంది? మా పక్కింటాయన బాత్రూం యాసిడ్ పోస్తే గంటలో పోతుందంటున్నాడు.

కాకినాడ_పెయింటర్:

యాసిడ్ సీసా ముందు బాత్రూంలో పెట్టేసి రండి. అది హైడ్రోక్లోరిక్, తుప్పు పోతుంది నిజమే, కళ్లముందే నురగొచ్చి రేకు బూడిద రంగులోకి వస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ రెండు రేకులు కలిసే మడతల్లోకి దిగిన క్లోరైడ్ ఎంత కడిగినా పోదు, సముద్రపు గాలిలో ఉప్పు చేసే పనే అది లోపల కూర్చుని చేస్తుంది. మనం సముద్రం ఒడ్డున ఉన్నది చాలక ఆ ఉప్పుని చేత్తో పోసుకోవడం ఎందుకండీ.

పెద్ద రేకులకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ వాడండి, హార్డ్‌వేర్ షాపులో లీటర్ డబ్బాల్లో దొరుకుతుంది. పెచ్చులుగా ఉన్న తుప్పు మీద పూస్తే పైపైన నల్లబడి కింద అలాగే ఉంటుంది, ముందు గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ వేసి గోకేయాల్సిందే. కళ్లజోడు తప్పనిసరి, ఆ బ్రష్ తీగలు ఊడి సూదుల్లా వస్తాయి. కన్వర్టర్ పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, కడగమంటే కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో పూర్తిగా ఆరబెట్టండి. యాసిడ్ తడి మిగిలి ఉండగా ఎపాక్సీ ప్రైమర్ వేస్తే పట్టుకోదు, పొరలా లేచిపోతుంది.

విప్పగలిగిన చిన్న చిన్నవాటికి, అంటే బ్యాటరీ ట్రే, క్లాంపులు, బోల్టులు, సీటు పట్టాలు, అసలు ఖర్చే లేదు. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు కొనండి, లీటరు నీళ్లకి 50 నుంచి 100 గ్రాములు, ప్లాస్టిక్ టబ్బులో రాత్రంతా నానేయండి. పొద్దున్నే బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లలో ముంచి, ఆరబెట్టి వెంటనే ప్రైమర్. క్రోమ్ ఉన్నవి దాంట్లో వేయొద్దు. వాషింగ్ సోడా, బ్యాటరీ ఛార్జర్ పెట్టి కరెంటుతో తీసే పద్ధతి కూడా యూట్యూబ్‌లో చూసుంటారు, అదీ బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆరుబయట చేయాలి, హైడ్రోజన్ వస్తుంది. ఛార్జర్ రెండో వైరుకి కట్టే ముక్క మామూలు ఇనుమే పెట్టండి. స్టీల్ గరిటెలు, స్పూన్లు కట్టొద్దు, ఆ నీళ్లలోకి విషం లాంటి క్రోమియం దిగుతుంది.

ప్రైమర్ దగ్గర పిసినారితనం వద్దు. మీ బడ్జెట్‌లో ఒక్క ఖరీదైన వస్తువు కొనాలంటే అది టూ ప్యాక్ (హార్డ్‌నర్ విడిగా వచ్చి, కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమరే. రెడ్ ఆక్సైడ్ చవక, కానీ పైన ఇంకో కోటు పడకుండా దాన్ని అలా వదిలేస్తే తేమ దాంట్లోంచి లోపలికి పోతుంది, మన ఊళ్లల్లో నెలలోనే దాని కిందనుంచి కొత్త తుప్పు మచ్చలు కనిపిస్తాయి. ఫ్లోరుకి స్ప్రే గన్ అక్కర్లేదు, ఎపాక్సీని బ్రష్‌తో రెండు కోట్లు పూయండి. అతుకుల మీద రెండు వైపులా పీయూ (పాలీయూరెథేన్) సీలెంట్ పట్టించండి. పుట్టీ వేయాల్సి వస్తే ఎపాక్సీ ప్రైమర్ మీదే, పల్చగా. ఉత్త రేకు మీద కాదు, తుప్పు మీద అసలే కాదు.

ఇంకో సంగతి, గోకిన రేకు ఆ పూటే ప్రైమర్ చూడాలి. వైజాగ్ గాలికి సాయంత్రం గోకి వదిలేస్తే పొద్దునకి పసుపు పూసినట్టు సన్నటి తుప్పు ఉంటుంది. అందుకని ఒక్కో ఆదివారం ఒక్కో ముక్కే పెట్టుకోండి, బండంతా ఒకేసారి గోకేయొద్దు. వాన ముసురులో పెయింట్ పని పెట్టుకోవద్దు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ అయితే తేమకి పాలిపోయి తెల్లమచ్చలు కడుతుంది. జనవరి నుంచి మార్చి బాగుంటుంది. ఎప్పుడైనా టూ ప్యాక్ పీయూ పెయింట్ ఇంట్లోనే కొడదామనిపిస్తే ఆగండి, దాని హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, మూతికి కర్చీఫ్ కట్టుకుంటే ఆగదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అది బూత్ ఉన్నవాళ్లకే ఇవ్వండి.

నీళ్లెలా వచ్చాయంటారా, మీరే రాశారు చూడండి, ముందు అద్దం కింద మూలల్లో బుడగలు అని. ఆ అద్దం చుట్టూ ఉండే రబ్బర్ బీడింగ్ ఎండి గట్టిపడి కుంచించుకుపోయి ఉంటుంది. ఒకర్ని లోపల టార్చ్‌తో డ్యాష్‌బోర్డు కింద కూర్చోబెట్టి, అక్కడంతా పౌడర్ చల్లించి, మీరు బయటనుంచి చెంబుతో అద్దం మీద కింద నుంచి పైకి మెల్లగా పోసుకుంటూ రండి. పౌడర్ మీద చార ఎక్కడ మొదలైతే కన్నం అక్కడ. ఈ కారడం ఆపకుండా ఫ్లోరు వేయించడం దండగ. ఇక టార్పాలిన్ వానని ఆపుతుంది గానీ నేలనుంచి లేచే ఆవిరిని లోపలే బంధిస్తుంది, దాన్ని బండికి ఆనకుండా నాలుగు కర్రల మీద పందిరిలా కట్టండి.

మిచిగన్_సీను:

ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పుతో మాకూ రోజూ గొడవే, అందుకని చెయ్యి దూరని చోటు గురించి ఒక్క ముక్క చెప్తాను. డోర్ల లోపలికి నీళ్లు రాకుండా ఆపడం ఎవరివల్లా కాదు, కిటికీ అద్దం పక్క ఫెల్ట్ (అద్దాన్ని ఆనుకుని ఉండే మెత్తటి పట్టీ) లోంచి దిగుతూనే ఉంటాయి, అవి బయటికి పోవడానికే డోరు అడుగున చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. మట్టితో, పాత పెయింట్‌తో మూసుకుపోయి ఉంటాయి, సైకిల్ స్పోకు పెట్టి పొడవండి. సిల్‌కి కూడా అడుగున ఉంటాయి చూడండి, కొత్త సిల్ వేసేటప్పుడు మేస్త్రీ వాటిని మూసేయకుండా దగ్గరుండి చూసుకోండి.

వెల్డింగ్ అంతా అయిపోయాక సిల్ లోపలికి కేవిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో రేకుకి పట్టే మైనం) కొట్టాలి. సన్నటి పొడుగు ట్యూబుతో వచ్చే స్ప్రే క్యాన్ ఉంటుంది, కన్నంలోంచి దూర్చి వెనక్కి లాగుతూ కొట్టాలి, అడుగు కన్నాల్లోంచి కారడం మొదలైతే సరిపోయినట్టు. వెల్డింగ్ వేడికి అతుకు వెనక వైపు ప్రైమర్ ఎలాగూ కాలిపోయి ఉంటుంది, అక్కడే మళ్లీ మొదలవుతుంది, అందుకే ఇది మానకూడదు. ఇండియాలో లారీ వాళ్లు వాడేసిన ఇంజన్ ఆయిల్ పోస్తుంటారు, అది వద్దండి, నేలంతా కారి పాడవుతుంది, రబ్బర్లు ఉబ్బుతాయి, రేపెప్పుడైనా మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వస్తే మంటే. అలాగే నల్లటి తారు లాంటి అండర్‌కోటింగ్ ఎవరైనా అమ్మచూస్తే తుప్పంతా తీసి ప్రైమర్ వేసిన రేకు మీదైతేనే సరే, లేకపోతే తేమని లోపల పెట్టి మూతేసినట్టే.

ఉప్పుగాలి_వైజాగ్:

చెంబు పరీక్ష చేశా, మా చెల్లిని లోపల కూర్చోబెట్టి. ఎడమ మూలే. చార నేరుగా డ్యాష్ కిందనుంచి ఫ్లోరు మీదకి దిగింది, పాపం దాని జుట్టు నిండా పౌడరు. బీడింగ్ కొత్తది చెన్నై పుదుపేటలో దొరుకుతుందని ఒకాయన చెప్పాడు, అన్నయ్య అటు వెళ్లినప్పుడు తెమ్మన్నాను.

లెక్క ఇలా వేసుకున్నా, చూసి చెప్పండి. ఎడమ సిల్, రెండు వైపులా ఫ్లోరు, డిక్కీ మూల వెల్డింగ్‌కి మేస్త్రీకి 16 వేలు, రేకు ఓ రెండు వేలు, ఎపాక్సీ ప్రైమర్, సీలెంట్, కన్వర్టర్, డిస్కులు కలిపి 7, బీడింగ్ 2, వ్యాక్స్ 2. హెడ్‌లైట్ వెనక ఫైబర్ నేనే. ఆరు వేలు చేతిలో ఉంటాయి, రెన్యువల్‌కి. డోర్ల సంగతి ఏం చేయాలో తేలట్లేదు, కుడి వెనకది పుట్టీ గీకితే కింద జల్లెడే.

ఓరుగల్లు_అంబీ:

డోర్లు ఇప్పుడు ముట్టకు. కన్నాలు తీసి, లోపల వ్యాక్స్ కొట్టి ఊకో. బరువు మోసేటివి కావు, ఎప్పుడైనా విప్పి మార్చుకోవచ్చు. కుడి ఎనకది పాత సామాన్ల దగ్గర చూడు, రిపేరు కన్న సెకండ్ హ్యాండ్ డోరే సస్త పడ్తది. ముంబైల పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబర్‌తోని బంద్ అయినయ్, ఆ బండ్ల డోర్లని చెప్పి ఎవరన్న అమ్మితె ఊకె కొనకు, అదీ సముద్రం ఊరే. మ్యాగ్నెట్ జేబుల పెట్టుకొని పో.

బెజవాడ_షెడ్డు:

లెక్క బాగుంది, మేస్త్రీకి రోజు కూలి మీద కాకుండా పని మీద మాట్లాడుకోండి, సిల్‌కి ఇంత, ఫ్లోరుకి ఇంత అని విడివిడిగా. రేకు మీరే కొనండి, లేకపోతే 22 గేజ్ వేసి 20 అంటాడు, పెయింట్ పడ్డాక మీకు తెలీదు. సిల్ మూసే ముందు లోపల ఫోటో తీసి పంపమనండి, లోపలి రేకు పోయి ఉండగా బయట పైరేకు ఒక్కటే కప్పేస్తే 16 వేలూ గాలికే.

కుడి సిల్ ఇంకా గట్టిగానే ఉంది అన్నారు కదా, దాన్ని కోయనివ్వొద్దు. "ఎలాగూ విప్పాం కదా సార్, ఇదీ చేసేద్దాం" అంటారు. కన్నాలు శుభ్రం చేసి వ్యాక్స్ కొట్టేయండి చాలు.

ఉప్పుగాలి_వైజాగ్:

నిజంగానే అన్నాడండీ ఆ మాట, ఇవాళ పొద్దున చూడ్డానికి వచ్చి. వద్దన్నాను. గాజువాక ఆటోనగర్ ఆయన, మిగ్ సొంతది, డోరు ఖాళీలో యాంగిల్ పట్టీ గురించి నేను అడగకముందే ఆయనే చెప్పాడు, అందుకే ఒప్పుకున్నా. ట్యాంకు దింపడానికి మాత్రం వెయ్యి విడిగా అడుగుతున్నాడు. అది నేనే దింపుకోవచ్చా, బోల్టులు పట్టేసి ఉన్నాయి?

బెజవాడ_షెడ్డు:

దింపుకోవచ్చు. పెట్రోల్ ముందు క్యాన్‌లోకి తీసేయండి, బోల్టులకి రస్ట్ పెనెట్రేటింగ్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున రింగ్ స్పానర్‌తో ముందు బిగించే వైపు కొంచెం కదిపి అప్పుడు విప్పండి. రాకపోతే గ్రైండర్ పెట్టొద్దు, వేడి చేయొద్దు, చేత్తో హ్యాక్సా బ్లేడు. అప్పటికీ రాకపోతే వెయ్యి ఇచ్చేయండి.